రెండు కాన్ఫిగ్ హెడర్లు, నలభై బైట్లు

పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని మేడ మీది గదిలో కూర్చున్నాను. కర్నూలు ఎండకు తొమ్మిదికే గోడలు కాగిపోతున్నాయి. పైగా నిన్నటి క్రాష్ అలాగే ఉంది. బిల్డ్‌లో ఒక్క వార్నింగ్ కూడా రాదు, నడిపితే మాత్రం పడిపోతుంది.

బయటి నుంచి తెచ్చుకున్న లైబ్రరీ ఒకటి, దాని మీద కట్టిన మా లైబ్రరీ ఒకటి. అది ఆటోకాన్ఫ్‌తో, మాది సీమేక్‌తో బిల్డ్ అవుతాయి. రెండూ ముందుగా మెషిన్‌ను వాకబు చేసి, ఏ ఫంక్షన్ ఉందో ఏది లేదో config.h అనే హెడర్ ఫైల్‌లో మాక్రోలుగా (కంపైలర్ చూసుకునే గుర్తు పేర్లుగా) రాసుకుంటాయి. అది ఇంటి లెక్కల పుస్తకం లాంటిది, ఇంట్లోనే ఉండాలి. బయటి లైబ్రరీ వాళ్ళేమో దాన్ని కూడా ఇన్‌స్టాల్ చేసి, పబ్లిక్ హెడర్‌లో ఇన్‌క్లూడ్ చేశారు!

ఏ హెడర్ ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించమని జీసీసీ కంపైలర్‌కు -H ఇచ్చి చూస్తే గుట్టు బయటపడింది. వాళ్ళ హెడర్ config.h అడిగినప్పుడల్లా, పాత్‌లో ముందున్న మాది దొరుకుతోంది. మా దాంట్లో థ్రెడ్ల మాక్రో లేదు. లేని మాక్రోను #ifdef అడిగితే కంపైలర్ గొడవ చేయదు, ఆ భాగం వదిలేసి ముందుకు పోతుంది. రెండు వైపులా sizeof ప్రింట్ చేయించాను. అదే స్ట్రక్ట్ వాళ్ళ లెక్కలో 64 బైట్లు, మా లెక్కలో 24. తేడా 40. 64-బిట్ ఇంటెల్ లినక్స్‌లో ఒక పీథ్రెడ్ మ్యూటెక్స్, అంటే థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా వేసుకునే తాళం, సరిగ్గా అంతే ఉంటుంది.

"యాల తప్పుతోంది, అన్నానికి రారా" అని అమ్మ కింది నుంచి కేకేసింది. అప్పటికి రెండు దాటింది.

తిన్నాక వాళ్ళకు మెయిల్ పెడితే, ఇన్‌క్లూడ్ పాత్‌ల వరుస మీరే మార్చుకోండన్నారు. ఒళ్ళు మండింది. వరుస మారిస్తే మా ఫైళ్ళకు వాళ్ళ config.h తగులుకుంటుంది, అంతే కదా! బయటికి చెప్పక తప్పని సంగతులుంటే లైబ్రరీ పేరు ముందు తగిలించి వేరే హెడర్‌లో పెట్టాలి. జీలిబ్ అనే సీ లైబ్రరీ చేసేది అదే. మెషిన్‌ను బట్టి జవాబులు మారతాయని glibconfig.hను మామూలు ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌లో కాక lib కింద పెడతారు. కర్ల్ అనే మరో లైబ్రరీ వాళ్ళయితే 2017లో, 7.55.0 వెర్షన్‌లో, జనరేట్ అయ్యే curlbuild.hనే తీసేసి, కంపైలర్‌ను బట్టి తేల్చుకునే system.h పెట్టుకున్నారు. వీలైనచోట అదే మేలు.

సాయంత్రానికి ప్యాచ్ రాశాను. వాళ్ళ పబ్లిక్ హెడర్‌కు కావలసింది ఐదారు మాక్రోలే, వాటికి కొత్త పేర్లు పెట్టి విడదీశాను. రెండు వైపులా 64 వచ్చింది. సీ క్యాంపు రైతుబజారుకు బయల్దేరబోతూ మూడో లైబ్రరీ హెడర్ కూడా తెరిచాను. ముందూ వెనకా ఏమీ లేకుండా, ఒట్టి VERSION అని మాక్రో. రేపు దాని పని.