అరసవల్లి కిరణాలపై ప్రసంగానికి సిద్ధమైన తీరు – నా అనుభవం

శ్రీకాకుళంలోని మా ఔత్సాహిక ఖగోళ బృందంలో ప్రసంగించాలంటే ఒక షరతు ఉంది. వక్త ఎంచుకున్న అంశంలో కనీసం ఒక్క సంగతైనా తాను స్వయంగా ఆకాశంలో చూసినదో, కొలిచినదో అయి ఉండాలి. 1840లో విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో ఆకాశాన్ని పరిశీలించే వేధశాల కట్టించుకున్న ప్రాంతం మనదని, ఆ వేధశాలను తర్వాత నడిపిన అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న జరిగిన శుక్ర సంక్రమణాన్ని, అంటే శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని, పరిశీలించారని మా సంచాలకులు తరచూ గుర్తుచేస్తారు. విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులైన ఆయనను మేమంతా మాస్టారు అనే పిలుస్తాం. చదివి చెప్పడానికీ చూసి చెప్పడానికీ ఉన్న తేడాను ఆయన ఎన్నడూ తేలికగా తీసుకోరు.

నేను అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఆలయంలోని కిరణ దర్శనాన్ని అంశంగా కోరుకున్నాను. మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని మా జిల్లాలో తెలియనివారు ఉండరు. ఏడాదికి రెండుసార్లే ఎందుకని అడిగితే, రాత్రీ పగలూ సమానమయ్యే విషువత్తుల వల్ల అని చాలామంది చెబుతారు. కాని విషువత్తులు మార్చి 20, సెప్టెంబరు 22 లేదా 23 ప్రాంతాల్లో వస్తాయి. ఒకచోట పది రోజులు ముందు, మరోచోట పది రోజులు తర్వాత కనిపించే ఈ ఎడం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నన్ను ఈ పనిలోకి దింపిన ప్రశ్న. మాస్టారితో చెప్పినప్పుడు ఆయన, "ముందు మీ మేడ మీద ఒక కడ్డీ నిలబెట్టండి బాబూ, మిగతాది అదే చెబుతుంది" అన్నారు.

కడ్డీ కంటే ముందు నాకు మా ఊరి అక్షాంశం కావాలి. పటంలో చూసుకోవచ్చు గాని, కళింగపట్నం తీరంలో బృందం జరిపిన ఆకాశ దర్శనంలో దానిని ధ్రువ నక్షత్రం నుంచే తీసుకున్నాను. కోణమానినికి దారంతో చిన్న గుండు వేలాడదీసి, దాని అంచు వెంట నక్షత్రాన్ని గురిచూస్తే, క్షితిజం నుంచి 18 డిగ్రీల ఎత్తు తేలింది. ధ్రువుడు ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే మన అక్షాంశం సుమారుగా అంత. శ్రీకాకుళానికి పటంలో ఉన్న విలువ 18.3.

ఇక మీటరు పొడవున్న ఇనుప కడ్డీని నిట్టనిలువుగా బిగించి, చుట్టూ ఉన్న నేలను తాపీమేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన రసమట్టంతో సరిచూసుకున్నాను. మన ప్రాచీన ఖగోళ సిద్ధాంత గ్రంథాలు శంకువు అని చెప్పిన పరికరం ఇదే. కడ్డీ మొదలు కేంద్రంగా ఒక వలయం గీసి, పొద్దున నీడ కొన వలయంలోకి వచ్చిన చోట, మధ్యాహ్నం తర్వాత మళ్లీ బయటికి పోయిన చోట గుర్తులు పెట్టి, ఆ రెండింటినీ కలిపితే తూర్పు పడమరల రేఖ వస్తుంది. దిక్సూచి అవసరం లేకుండా సూర్యుడే దిక్కులు చూపించే ఈ పద్ధతి ఎన్నిసార్లు చేసినా నాకు సంతోషాన్నే ఇస్తుంది.

అసలు చిక్కు నీడ కొన దగ్గర వచ్చింది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల కడ్డీ కొన నీడ సూదిలా తేలకుండా, నలుపు నుంచి బూడిద రంగులోకి, బూడిద నుంచి వెలుగులోకి కరిగిపోతుంది. బృందంలో ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి చూపిన ఉపాయంతో, సన్నని రంధ్రం పొడిచిన రేకు ముక్కను కడ్డీ పైన అతికించాను. అప్పుడు రేకు నీడ మధ్యలో సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున్న వెలుగు బిళ్ల పడింది. అది రంధ్రం ఆకారం కాదు, సూర్యుడి ప్రతిబింబమే. దాని నడిమి బిందువుకు కొలిస్తే అనుమానానికి తావుండదు.

కొలవవలసింది సూర్యుడు సరిగ్గా దక్షిణోత్తర రేఖ మీద ఉన్నప్పుడు గనుక, గడియారపు పన్నెండు గంటలు పనికిరావు. శ్రీకాకుళం భారత ప్రామాణిక రేఖాంశమైన 82.5 డిగ్రీలకు తూర్పున ఉండడం వల్ల మన మధ్యాహ్నం ఆరు నిమిషాలకు కాస్త తక్కువగా ముందే వస్తుంది. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వంగి ఉండడం వల్ల వచ్చే తేడాను కూడా కలిపితే, అక్టోబరు 2న అది సుమారు 11:44కు, మార్చి 10న సుమారు 12:05కు పడుతుంది. అక్టోబరులో నాకు వచ్చిన పొడవు 40 సెంటీమీటర్లు. ఆ తర్వాత నెలల తరబడి నీడ పెరుగుతూ, డిసెంబరు 21 ప్రాంతంలో 89 సెంటీమీటర్ల దగ్గర ఆగి, మళ్లీ తగ్గుతూ వచ్చింది. మార్చి 10న 41 సెంటీమీటర్లు, అంటే దాదాపు అక్టోబరు నాటి పొడవే! ఆ రోజు మేడ మీద నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోలేక అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ చేశాను.

దక్షిణాయనం ముగిసే డిసెంబరు 21కి అక్టోబరు 2 ఎనభై రోజుల ముందు వస్తుంది, మార్చి 10 డెబ్బై తొమ్మిది రోజుల తర్వాత వస్తుంది. ఆ రెండు తేదీల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖకు) దాదాపు నాలుగు డిగ్రీల దక్షిణంగా ఉంటాడు కాబట్టి, మన అక్షాంశంలో నేరు తూర్పుకు నాలుగు డిగ్రీలు దక్షిణంగా, ఒకే చోట ఉదయిస్తాడు. కిరణం ద్వారాలు దాటి గర్భగుడి చేరే దారికి ఆ ఉదయస్థానం కుదిరింది. విషువత్తు రోజుల్లో సూర్యుడు అక్కడ కాక నేరు తూర్పున ఉదయిస్తాడు.

ప్రసంగానికి ముందు ఇద్దరు పెద్దల ఎదుట ఒకసారి చెప్పి చూపడం మా ఆనవాయితీ. నేను చేర్చుకున్న ఇతర సూర్యాలయాల విశేషాలన్నింటినీ వారు తీసివేయించారు. వాటిలో నా కొలత ఏదీ లేదు గనుక అది న్యాయమే. ప్రసంగం ఒక పాఠశాల గదిలో జరిగింది. నేల మీద సుద్దతో దిక్కులు గీసి, దారాలు పరిచి, ఉదయ స్థానం ఏడాది పొడవునా ఉత్తరానికి 25 డిగ్రీలు, దక్షిణానికి 25 డిగ్రీలు ఎలా ఊగుతుందో చూపించాను. అరసవల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "మరి రెండు మూడు రోజులేటి బాబూ, నెలంతా ఉండకూడదా?" అని అడిగారు. విషువత్తుల దగ్గర సూర్యుడు రోజుకు 0.4 డిగ్రీల చొప్పున, అంటే రెండు రోజుల్లోనే తన బింబం వెడల్పు కంటే ఎక్కువ జరుగుతాడని, అదే డిసెంబరులో అయితే దాదాపు కదలకుండా నిలిచి ఉంటాడని దారం జరిపి చూపించాను. ఆ దారి నిర్మించినవారు ఉదయాలను ఎంత శ్రద్ధగా గమనించి ఉండాలోనని ఆయన చాలాసేపు ఆ సుద్ద గీతల దగ్గరే కూర్చున్నారు. నాకూ ఆ గౌరవమే కలుగుతుంది.

సభ తర్వాత మేడ మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో ఓరియన్ నక్షత్రమండలంలోని నీహారికను, దక్షిణాన తక్కువ ఎత్తులో ఉన్న అగస్త్య నక్షత్రాన్ని అందరికీ చూపించాం. అదే కడ్డీతో మే రెండో వారంలో నీడలేని రోజును కొలవాలని అక్కడే నిర్ణయించుకున్నాం. అప్పుడు సూర్యుడు ఉదయం సుమారు 11:51కి సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. జూలై ఆఖరులో మరోసారి వచ్చినా అప్పటికి వానకారు మబ్బులుంటాయి కాబట్టి మే నెలనే ఎంచుకున్నాం. చూడదలచినవారు 11:30కల్లా మేడ మీదికి చేరాలి.