చార్ల్‌బరీ వాన, మోరిస్ ట్రావెలర్ కలప

లండన్ ప్యాడింగ్టన్‌లో ఉదయం రైలెక్కితే, ఆక్స్‌ఫర్డ్ దాటిన కాసేపటికి పట్టాల పక్కన ఈవెన్‌లోడ్ నది తోడొస్తుంది. రెండు రోజులు కురిసిన వాన ఆ తెల్లవారుజామునే వెలిసింది. పాత కలప కారును కొనే ముందు చూడటానికి అంతకు మించిన రోజు ఉండదు. తడి ఎక్కడ నిలుస్తుందో కారే చూపించేస్తుంది. సంచిలో డబ్బనం, టార్చి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, కలపలో తేమ చూసే మీటరు, రెండు టైరు లీవర్లు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి.

చార్ల్‌బరీలో దిగి చూడాల్సిన బండి 1967 నాటి మోరిస్ మైనర్ ట్రావెలర్. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మైనర్ 1948లో వచ్చింది. వెనక కలప చట్రం ఉన్న ట్రావెలర్ 1953లో మొదలై 1971 దాకా తయారైంది. మైనర్‌కు పుట్టిల్లు ఆక్స్‌ఫర్డ్ శివారులోని కౌలీ. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా అక్కడిదే. అంబాసిడర్ కింద దూరి పనిచేసిన మెకానిక్కు ఈ బండి ముందు భాగం చూడగానే చుట్టరికం తెలిసిపోతుంది. స్ప్రింగుల బదులు మెలిపడే అవే ఇనప కడ్డీలు (టార్షన్ బార్లు), అదే గ్రీజు గన్ను పని.

అడిగిన ధర 8,500 పౌండ్లు. రంగు ఆల్మండ్ గ్రీన్, కలప తేనె రంగులో మెరుస్తోంది. ఆ మెరుపును నమ్మకూడదు. ఈ కారులో కలప సోకు కోసం పెట్టింది కాదు. ముందు తలుపుల వెనక నుంచి బండి చివరి దాకా పక్కలనూ కప్పునూ మోసేది ఆ చట్రమే. అందుకే బండి రోడ్డుకు తగినదో లేదో చూసే బ్రిటన్ ఎంఓటీ తనిఖీలో ఈ కలప పుచ్చితే, ఇనప చట్రానికి తుప్పు పట్టినట్టే చూస్తారు. వాడింది యాష్ అనే చెట్టు కలప. దెబ్బ తట్టుకుంటుంది, వంగుతుంది, కానీ టేకులా తడికి ఓర్చుకోదు. తేమ 20 శాతం దాటి నిలిచిందంటే బూజు లోపలికి దిగుతుంది.

మొదట బండి వెనక భాగాన ఉండే రెండు తలుపుల మధ్య సందు చూడాలి. పైనా కిందా ఒకే వెడల్పు ఉంటే నిలువు కమ్మీలు నిలబడి ఉన్నట్టు. తర్వాత ఒక్కో తలుపు తెరిచి, పిడి పట్టుకుని పైకి లేపాలి. కుడి తలుపు కదల్లేదు. ఎడమది వేలెడు లేచింది, దానితో పాటు బందులున్న కమ్మీ కూడా కదిలింది. బందులు అరిగితే చవక పనే. కమ్మీ కదిలితే కింది మూలలో కుసి, అంటే బెజ్జంలో దిగే కమ్మీ కొస, పుచ్చిపోయిందన్నమాట. దుప్పటి పరిచి కింది నుంచి టార్చి వేస్తే అసలు సంగతి బయటపడింది. ముందు వైపు చిత్రిక పట్టి, వార్నిష్ వేసినవాళ్లు అడుగు భాగాన్ని వదిలేస్తారు. అక్కడ ఎడమ మూల నల్లబడింది, డబ్బనం గోరంత లోతు మెత్తగా దిగింది. పైన ఉన్నది లప్పం. దానిమీద కలప చారల్లా రంగు గీశారు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే గట్టి కలప టంగుమంటుంది, లప్పం ఉన్న చోట చప్పుడు చచ్చిపోతుంది. డబ్బనం గుచ్చే ముందు యజమానిని అడగాలి, కనిపించే చోట గుచ్చకూడదు.

ఎక్కువ సేపు పట్టాల్సింది కిటికీల కింద అడ్డంగా సాగే నడుము కమ్మీ దగ్గర. వెనక అద్దాలు పక్కకు జరిగేవి. అవి జరిగే గాడిలో ఆకులు, మట్టి చేరి, నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోతాయి. గాడిలో నాచు మొలిచిందంటే కింద కలప ఏళ్ల తరబడి నానుతున్నట్టే. ఈ బండి ఎడమ పక్కను కంచె చెట్లకు ఆనించి పెట్టేవారు, ఎండ తగిలేది కాదు. మీటరు కుడి కమ్మీమీద 14 చూపింది, ఎడమ కమ్మీ మధ్యలో 27. అదే చోట బొటనవేలితో నొక్కితే వార్నిష్ కింద మెత్తగా తగిలింది.

ఇక్కడే ధర తేలుతుంది. నడుము కమ్మీని ముక్క కోసి అతకడం కుదరని పని, బలం పోతుంది. దాన్ని తీయాలంటే అద్దాలు, గాడులు, అల్యూమినియం రేకులు అన్నీ విప్పాలి. విప్పాక నిలువు కమ్మీల కుసులూ బయటపడతాయి, వాటిలో ఒకటి రెండు పాడై ఉండటం మామూలే. కలప ఖరీదు కన్నా కూలి ఎక్కువయ్యేది అందుకే.

అయస్కాంతం పక్క రేకులకు అంటలేదు. అంటే అవి అసలు అల్యూమినియం రేకులే. ముందు మడ్‌గార్డుల మీద పట్టుకుంది, హెడ్‌లైటు కింద మాత్రం జారింది, అక్కడ లప్పం ఉంది. బండి కింద మధ్య అడ్డ బీము ఎడమ కొసకు, జాకీ పెట్టే చోట, రేకుమీద రేకు అతికించారు. తుప్పు కోసేసి కొత్తది వెల్డింగు చేయడం వేరు, దానిమీదే అట్ట కట్టడం వేరు. వెనక కమాను పట్టీల హ్యాంగర్లు బాగున్నాయి.

ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, కింద టైరు లీవర్ పెట్టి పైకి ఎత్తి చూడాలి. కుడివైపు కింది ట్రనియన్‌లో, అంటే చక్రం పక్కకు తిరిగే మరల కీలులో, ఆట కనిపించింది. గ్రీజు అందక దాని మరలు అరిగితే, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు చక్రం ఊడి మడత పడుతుంది. మైనర్‌లో ప్రాణాపాయం తెచ్చే లోపాల్లో ఇదొకటి. విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. బ్రేకు మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద చట్రంలో ఉంటుంది. కార్పెట్ లేపి మూత విప్పితే అంచున తడి కనిపించింది.

1098 సీసీ ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వెనక నుంచి రెండు చుక్కల ఆయిలు కారితే దిగులు పడనక్కర్లేదు, ఈ ఇంజను స్వభావమే అంత. మొదటి గేరుకు సింక్రో, అంటే గేర్ల వేగాన్ని కలిపే ఏర్పాటు, లేదు, ఆగాకే వేయాలి. వాలులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి మళ్లీ తొక్కితే నీలి పొగ రాలేదు. ఛాసిస్ నంబరు ఎం.ఎ.డబ్ల్యు.5తో మొదలైంది, డబ్ల్యు అంటే ట్రావెలర్. సెలూన్‌కు, అంటే మామూలు డిక్కీ కారుకు, తర్వాత కలప తగిలించింది కాదు. నలభై ఏళ్లు దాటిన బండ్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు కనుక, పాత తనిఖీల చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఎడమ మూల కలప గురించి హెచ్చరిక అందులో ముందే ఉంది.

లెక్క ఇలా వేశాను. కలప కొత్తగా మార్చి, ఆ పని ఫొటోలతో రుజువుంటే ఈ బండికి 8,500 తగిన ధరే. ఎడమ పక్క కలపకూ అడ్డ బీముకూ 3,000, ట్రనియన్లకూ బ్రేకులకూ 500. మిగిలింది 5,000. అదే చెప్పాను. యజమాని 7,000 దగ్గర ఆగారు. విప్పాక బయటపడే పుచ్చుకు ఆ ధరలో చోటు లేదు.

తిరుగు రైలుకు ముందు, గాడి రంధ్రాలను సన్న తీగతో ఇద్దరం శుభ్రం చేశాం. బండిమీద కప్పిన ప్లాస్టిక్ పరదా తీసేయమని చెప్పాను, అది ఆవిరిని లోపలే పట్టి ఉంచుతుంది. కంచెకు దూరంగా, గాలాడే రేకుల షెడ్డు కింద పెడితే ఆ కుడి పక్క ఇంకా చాలా ఏళ్లు నిలుస్తుంది.