డోవర్ టీచర్లు

మా అమ్మాయికి నైన్త్ గ్రేడ్ బయాలజీలో పరిణామ సిద్ధాంతం మొదలైంది. మేముండేది పెన్సిల్వేనియాలోనే కాబట్టి, ఇక్కడి డోవర్ ఊళ్లో స్కూలు పాఠాల మీద నడిచిన కేసు తీర్పు తీసి ఇద్దరం కలిసి చదువుతున్నాం. 139 పేజీలు. జడ్జి జాన్ జోన్స్ ఎంత తేటగా రాశారో!

2004లో డోవర్ స్కూల్ బోర్డు ఓ ప్రకటన తయారుచేసింది. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయని, 'ఇంటెలిజెంట్ డిజైన్' (జీవుల్ని ఓ తెలివైన శక్తి రూపొందించిందనే వాదన) అనే మరో వివరణ ఉందని నైన్త్ గ్రేడ్ పిల్లలకు చదివి వినిపించాలట. సైన్స్ టీచర్లు "మేం చదవం" అని రాసిచ్చేశారు. తెలిసి తెలిసి పిల్లలకు తప్పు చెప్పడం తమ వృత్తికే విరుద్ధమన్నారు. చివరికి 2005 జనవరిలో అధికారులే క్లాసుకొచ్చి చదివి వెళ్లారు. దానిమీద చర్చ ఉండదన్నారు.

సైన్స్ క్లాసులో చర్చ వద్దనడమా? అక్కడే నాకు మనసు చివుక్కుమంది.

11 మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కి, అదే ఏడాది డిసెంబర్‌లో గెలిచారు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదు, మత విశ్వాసమేనని జడ్జి తేల్చారు. ఇది దేవుడి మీద గెలుపేం కాదు. వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పిన బయాలజిస్టు కెన్నెత్ మిల్లర్ క్యాథలిక్. నేనూ రోజూ దీపం పెట్టుకునే మనిషినే. కానీ నా నమ్మకాన్ని సైన్స్ పాఠంగా మార్చి ఎవరి పిల్లల చేతా చదివించను.

ఇక బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకలాంటి ఫ్లాజెల్లమ్ మీద, ఇంటెలిజెంట్ డిజైన్‌ని సమర్థించే బయోకెమిస్టు మైకేల్ బీహీ వాదన, దానికి మిల్లర్ జవాబు చదవాలి. అమ్మాయి రెండూ పూర్తిగా చదివి, తన సందేహాలన్నీ వాళ్ల టీచర్‌ని అడగాలి.