పదో స్థానం నుంచి కప్పు దాకా

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అభిమానులకు మార్చి అంటే జాతీయ టోర్నీ. నాకు మాత్రం దానికి ముందు వారమే అసలు పండగ. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ లీగ్, అదే ఏసీసీ, తన జట్ల మధ్య కప్పు కోసం పోటీ పెట్టేది అప్పుడే. నార్త్ కరొలైనా రాష్ట్రంలో మేముండే క్యారీ ఊరి చుట్టుపక్కలే ఈ లీగ్‌లోని డ్యూక్, నార్త్ కరొలైనా, నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలు మూడూ ఉన్నాయి. నేను ఎం.ఎస్. చేసింది చివరిదాంట్లో, మేం 'స్టేట్' అనేదాంట్లో. కాబట్టి తటస్థంగా రాస్తానని ఆశపడకండి.

2024లో వాషింగ్టన్‌లో ఈ టోర్నీ జరిగినప్పుడు నాన్నగారు మా ఇంట్లోనే ఉన్నారు. లీగ్‌లో స్టేట్‌ది పదో స్థానం, పైగా చివరి నాలుగు మ్యాచ్‌లూ ఓటమే. "పదో జట్టుకు ఇంకా ఆట ఏమిటమ్మా? ఐపీఎల్‌లో అయితే నాలుగింటికే ప్లేఆఫ్స్" అన్నారాయన. ఇక్కడ 15 జట్లకూ ప్రవేశం ఉందని చెప్పాను. మొదటి నాలుగూ నేరుగా మూడో రోజున దిగుతాయి. పదో జట్టు మంగళవారం నుంచి శనివారం దాకా రోజూ ఆడి, రోజూ గెలవాలి. ఏసీసీలో అంతకుముందు ఎవరూ అలా గెలవలేదు.

లూయీవిల్, సిరక్యూస్, డ్యూక్ వరుసగా పడ్డాయి. శుక్రవారం సెమీస్‌లో వర్జీనియా మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది, మిగిలింది ఐదు సెకన్లు. వాళ్ల కుర్రాడికి ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డు రాకుండా బంతి వేసే అవకాశం. మొదటిది పడితేనే రెండోది వేయనిచ్చే ఘట్టం. పడలేదు. మైకేల్ ఓకానెల్ బంతి పట్టుకుని పరుగెత్తి, మూడు పాయింట్ల గీత అవతలినుంచి విసిరేశాడు. అది బోర్డుకు కొట్టుకుని, రింగు మీద తారట్లాడి లోపలికి జారింది. 58-58. నాన్నగారు సోఫా అంచుకొచ్చేశారు. ఓవర్‌టైమ్‌లో 73-65తో గెలిచాం.

ఫైనల్లో లీగ్ మొదటి స్థానంలో నిలిచిన నార్త్ కరొలైనాను 84-76తో కొట్టాం. డీజే హోర్న్ 29 పాయింట్లు చేశాడు. నాన్నగారి మనసు దోచింది మాత్రం డీజే బర్న్స్. అంత భారీ మనిషి రింగుకు వీపు పెట్టి, భుజంతో మెల్లగా నెట్టుకుంటూ వెళ్లి, గిరుక్కున తిరిగి, ఎడమచేత్తో బంతిని ఎంత సుతారంగా వదిలేవాడో! 1987 తర్వాత మాకు మొదటి ఏసీసీ కప్పు అది. అది రాకపోతే జాతీయ టోర్నీలో మాకు చోటే లేదు. వచ్చింది కనుకే అక్కడ ఫైనల్ ఫోర్, అంటే సెమీస్ దాకా వెళ్లాం.

పదో జట్టు ఇలా ఐదు రోజుల ఆటతో జాతీయ టోర్నీలో చోటు కొట్టేయడం అన్యాయమనేవాళ్లున్నారు, నిజమే. 1974లో ఇంకా కఠినంగా ఉండేది: కప్పు గెలిచిన ఒక్క జట్టే జాతీయ టోర్నీకి వెళ్లాలి. ఆ ఫైనల్లో స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 103-100తో ఓడిన మేరీలాండ్, దేశంలోనే మేటి జట్లలో ఒకటి అయి ఉండి కూడా ఆ టోర్నీకి వెళ్లలేకపోయింది. మరుసటి ఏడాది నుంచి ఒక కాన్ఫరెన్స్ నుంచి రెండో జట్టుకూ దారి తెరిచారు.

నాకు కోపం తెప్పించేది వేరే. కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్, ఎస్‌ఎంయూ చేరి ఏసీసీ 18 జట్లయింది. 2025 టోర్నీకి మాత్రం 15 జట్లనే పిలిచారు. చివరి మూడూ ఇంటి దగ్గరే. ఆ మూడింటిలో ఒకటి, అంతకుముందేడు కప్పెత్తిన మా స్టేటే. కోచ్ కెవిన్ కీట్స్‌నూ తీసేశారు. అప్పుడు ఫోనులో నాన్నగారు, "అందరికీ ప్రవేశం అన్నావుగా?" అన్నారు.