ఎర్ర లోయలో సాయంత్రపు సవారీ

మేము గుర్రమెక్కింది అక్టోబరు రెండో వారంలో, సాయంత్రం నాలుగింటికి. ఆ రోజుల్లో టర్కీలోని కపడోకియాలో సూర్యాస్తమయం ఆరూ పది ప్రాంతంలో అవుతుంది. అంటే పొద్దు గూకడానికి రెండు గంటల ముందే జీను మీద ఉన్నాం. ఇది తొందరపాటు కాదు. గంట సవారీ తీసుకున్నవాళ్ళు లోయ మొదట్లోనే కాస్త తిరిగి, సరిగ్గా సూర్యుడు దిగే వేళకు ఏదో ఒక దిబ్బ ఎక్కి, ఫొటో తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. కానీ ఆ లోయలకు రంగొచ్చేది సూర్యుడు మునిగేటప్పుడు కాదు, అంతకు ముందు నలభై నిమిషాల్లో. ఆ సమయానికి లోయ లోపల ఉండాలంటే కనీసం రెండు గంటల సవారీ కావాలి.

టర్కీలో 2016 నుంచి వేసవికీ శీతాకాలానికీ గడియారం మార్చడం లేదు. జూన్ చివర్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిది దాటాక అవుతుంది, డిసెంబరులో ఐదున్నరలోపే అయిపోతుంది. బోర్డు మీద ‘సాయంత్రం సవారీ ఐదింటికి’ అని రాసి ఉంటే, అది ఏ నెలకు రాసిన టైమో అడగాలి. తెల్లవారుజామున వెళ్ళే సవారీలు కూడా ఉన్నాయి. మనుషుల్ని మోసుకెళ్ళే వేడిగాలి బెలూన్లు ఎగిరేది గాలి నిలకడగా ఉండే ఆ వేళలోనే కాబట్టి బెలూన్ల కింద గుర్రం మీద వెళ్ళాలనుకునేవాళ్ళు అప్పుడు వెళ్ళాలి. సాయంత్రం ఆకాశం ఖాళీగా ఉంటుంది. కొత్తగా గుర్రమెక్కేవాళ్ళకు మాత్రం నేను సాయంత్రమే చెబుతాను. నెత్తిన బెలూన్ బర్నర్ ఒక్కసారిగా బుస్సుమంటే అలవాటున్న గుర్రం కూడా ఉలిక్కిపడుతుంది.

కపడోకియా అంటే ‘అందమైన గుర్రాల దేశం’ అని అక్కడ చాలామంది గైడులు చెబుతారు. ఆ అర్థానికి గట్టి ఆధారం లేదు. పాత పర్షియన్ శాసనాల్లో కత్‌పతుక అని కనిపించే ఈ పేరుకు పండితులు వేరే అర్థాలు కూడా చెబుతారు. గుర్రాల మాట మాత్రం నిజమే. కపడోకియా ఏటా పర్షియన్లకు వెండితో పాటు 1,500 గుర్రాలు, 2,000 కంచర గాడిదలు, 50,000 గొర్రెలు కప్పం కట్టేదని గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు.

మా గుర్రపుసాల గోరెమె, చావుషిన్ అనే ఊళ్ళ మధ్య ఉంది. సవారీ బావుంటుందా లేదా అన్నది ఆ సాలలో గడిపే మొదటి పావుగంటలోనే తేలిపోతుంది. అందుకే డబ్బు కట్టే ముందు గుర్రాల దగ్గరికి వెళ్ళి చూడాలి. పక్కటెముకలు చేతికి తగలాలి కానీ దూరం నుంచి లెక్కపెట్టేలా కనిపించకూడదు. మెడ వీపుతో కలిసేచోట ఎత్తుగా ఉండే మూపురం మీద, ముంగాళ్ళ వెనక పొట్ట పట్టీ ఒరుసుకునే చోట పుండ్లు ఉండకూడదు. ముదురు రంగు గుర్రానికి మూపురం దగ్గర తెల్ల వెంట్రుకల మచ్చలుంటే, సరిపోని జీను ఒకప్పుడు అక్కడ నొక్కి గాయం చేసిందని అర్థం. పాత మచ్చయితే భయం లేదు, పచ్చి పుండయితే ఆ గుర్రం ఎక్కకూడదు. డెక్కలు చూడాలి. లాడం వదులైతే నడిచేటప్పుడు టకటకమని తేడాగా మోగుతుంది. తొట్టిలో నీళ్ళు ఉన్నాయో లేవో, కట్టేసిన చోట నీడ ఉందో లేదో కూడా చూస్తే యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుంది.

మీ బరువు అడగని చోట గుర్రమెక్కకండి. మోసే బరువు గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదన్నది మామూలు లెక్క. 450 కిలోల గుర్రానికి అది 90 కిలోలు. అందులో జీను బరువు కూడా కలిసే ఉంటుంది. ముందు కొమ్ము ఉండే బరువైన జీను పదిహేను కిలోల దాకా తూగుతుంది, అంటే మనిషికి మిగిలేది 75 మాత్రమే. అంతకన్నా బరువున్నవాళ్ళకు పెద్ద గుర్రం, తేలిక జీను కావాలి. బరువు తక్కువ చేసి చెబితే ఆ భారం దిగుడు దారిలో గుర్రం ముంగాళ్ళ మీద పడుతుంది.

బట్టల సంగతి. నిండు ప్యాంటు తప్పనిసరి. కాళ్ళ లోపలి వైపు దళసరి కుట్టున్న జీన్స్ వేసుకుంటే గంట తిరక్కుండానే మోకాళ్ళ దగ్గర తోలు లేచిపోతుంది, సాగే గుడ్డ మేలు. బూటుకు ఒకటి రెండు సెంటీమీటర్ల మడమ ఉండాలి. ఆ మడమే పాదం రికాబులోంచి, అంటే జీను పక్కన వేలాడే పాదం పెట్టుకునే కడియంలోంచి, అవతలికి జారకుండా ఆపేది. పడిపోయినప్పుడు పాదం రికాబులో ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోవడం ఈ పనిలో ఉన్న అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, చెప్పులతో, నున్నటి అడుగున్న బూట్లతో వచ్చినవాళ్ళకు అదే పొంచి ఉంటుంది. హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ళ ఎడంలో కూర్చోవాలి. గడ్డం పట్టీ పెట్టకుండానే తల వంచి ఊపితే జారకూడదు. గోరెమె సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైనే ఉంది కాబట్టి పొద్దు గూకగానే చలి మీద పడుతుంది. ఒంటికి అంటుకుని ఉండే స్వెట్టరు ఎక్కే ముందే వేసుకోవాలి. గుర్రం మీద కూర్చుని కోటు విప్పడం, గరగరలాడే వానకోటు తొడుక్కోవడం, గాలికి చున్నీ ఎగరెయ్యడం, ఇవన్నీ గుర్రాన్ని బెదరగొట్టేవే. కళ్ళలో కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి కళ్ళజోడు పెట్టుకోండి. ఆ దుమ్ము పిండి లాంటిది. ప్రయాణ బీమా ఉన్నా అందులో గుర్రపు సవారీ కలిసి ఉందో లేదో కాగితం చదివి చూసుకోవాలి, చాలా పాలసీలు దాన్ని పక్కన పెడతాయి.

గుర్రాన్ని ఎడమ వైపు నుంచి, అరుగు మీద నిలబడి ఎక్కాలి. నేల మీద నుంచి ఎక్కితే ఒంటి బరువంతా ఒక రికాబు మీద పడి జీను పక్కకు లాగుతుంది, గుర్రం వెన్ను మెలిపడుతుంది. అరుగు వాడటం చేతకానితనం కాదు, గుర్రం మీద దయ. రికాబు పొడవు కింద నుంచే కొలుచుకోవచ్చు. రికాబు తోలు మొదలయ్యే చోట వేలి కొసలు ఆనించి రికాబును చెయ్యి వెంబడి లాగితే అడుగుభాగం చంకకు అందాలి. ఎక్కాక కాళ్ళు వేలాడదీస్తే రికాబు అడుగు చీలమండ ఎముకకు తగలాలి. పొట్టిగా ఉంటే మోకాళ్ళు పీకుతాయి, మరీ పొడవుగా ఉంటే రికాబు కోసం కాళ్ళు వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది. పాదంలో వెడల్పు భాగం వరకే రికాబులో పెట్టి మడమ కిందికి దించాలి.

పొట్ట పట్టీ గురించి గైడు చెప్పకపోతే మీరే అడగాలి. పట్టీ బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట బిగబట్టి ఉబ్బిస్తాయి. పది నిమిషాలు నడిచాక ఊపిరి వదులుతాయి, పట్టీ వదులవుతుంది. మా గైడు మొదటి ఎక్కుడు రాకముందే అందర్నీ ఆపి ఒక్కో గుర్రానికీ పట్టీ మళ్ళీ బిగించాడు. ఆ ఆగడం లేని సవారీలోనే జీను తిరిగిపోయి మనుషులు పడుతుంటారు.

ఎనిమిది గుర్రాలు వరుసగా కదిలాయి, ముందొక గైడు, చివరొకరు. మీ గుర్రం చెవుల మధ్య నుంచి చూస్తే ముందు గుర్రం వెనక కాళ్ళ డెక్కలు కనిపించాలి. తోక మాత్రమే కనిపిస్తోందంటే మరీ దగ్గరికి వచ్చేశారు. గుర్రానికి సరిగ్గా తన వెనక ఏముందో కనపడదు, తెలియనిది మీదికొస్తే తన్నుతుంది. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే గుర్రమని గుర్తు. పగ్గాలు ముందు నుంచీ బిగబట్టి ఉంచకూడదు. కళ్ళెం నోట్లో ఊరికే లాగుతుంటే గుర్రం తల ఎగరేస్తుంది. అలాగని చేతులు వదిలేసినా పనికాదు. దారి పక్క గడ్డి కనపడగానే తల దించేస్తుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందన్న సామెత అక్కడ అక్షరాలా నిజం. తల దించాక లాగితే మనమే ముందుకు తూలుతాం, దించబోతుండగానే ఒక పగ్గం చిన్నగా లాగి మడమతో ముందుకు తట్టాలి. ఆగమనడానికి ‘దుర్’, మెల్లగా అనడానికి ‘యవాష్’ అన్న టర్కీ మాటలు ఆ గుర్రాలకు తెలుసు.

చావుషిన్ వైపు నుంచి గుల్లుదెరెలోకి, అంటే గులాబీ లోయలోకి, దారి తూర్పుగా పోతుంది. పొద్దు వీపు మీద ఉంటుంది. ఆ రాయి అగ్నిపర్వతాల బూడిద పొరలు పొరలుగా పడి గట్టిపడినది, చాలా మెత్తన. నీళ్ళు దాన్ని మడతలు మడతలుగా కోశాయి, అందులోని ఇనుము తుప్పు గులాబీ రంగూ ఎరుపూ ఇచ్చింది. పైన గట్టి రాతి టోపీ ఉన్నచోట కింది మెత్తటి రాయి కరగకుండా స్తంభంలా నిలబడిపోయింది. ఈ గోరెమె ప్రాంతాన్ని యునెస్కో 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడల్లో ఎత్తున చిన్న చిన్న కన్నాలు, చుట్టూ సున్నం పూతలు కనిపిస్తాయి. అవి పావురాల గూళ్ళు. లోపల పేరుకునే రెట్టను రైతులు ద్రాక్షతోటలకు ఎరువుగా వేసేవాళ్ళు. గుర్రం మీద ఎత్తున ఉండటం వల్ల, నడిచి వెళ్ళేవాళ్ళకు గట్టు అడ్డొచ్చే ద్రాక్షమళ్ళు, ఆప్రికాట్ చెట్లు మనకు బాగా కనపడతాయి. ఆ కొమ్మలతోనే జాగ్రత్త. గుర్రం తన తల పట్టేంత దారి చూసుకుంటుంది, మీ తల సంగతి దానికి పట్టదు. కొమ్మ వస్తే వెనక్కి వాలకూడదు, జూలు పక్కగా ముందుకు వంగాలి. కొమ్మను చేత్తో పట్టి వదిలితే వెనకవాళ్ళ ముఖాన కొడుతుంది.

కఠినమైనది దిగుడు. గట్టి రాతి మీద ఇసుకలాంటి పొడి పరుచుకుని ఉంటుంది, డెక్క దాని మీద జారుతుంది. ఎక్కేటప్పుడు ముందుకు వంగి జూలు పట్టుకోవాలి, జీను వెనక అంచు పట్టుకుని వేలాడకూడదు. దిగేటప్పుడు నిటారుగా కూర్చుని, మడమలు దించి, పగ్గాలు వదులు చెయ్యాలి. గుర్రం తల కిందికి దించి అడుగు వెతుక్కుంటుంది. భయంతో పగ్గాలు లాగితే దాని తల పైకి లేచి, కాళ్ళ ముందు నేల దానికి కనపడకుండా పోతుంది. కొద్దిగా జారితే జారనివ్వండి, అదే సర్దుకుంటుంది.

ఐదున్నరకు కిజిల్‌చుకుర్‌లో, అంటే ఎర్ర లోయలో ఉన్నాం. గుర్రాలు ఆగాయి. అందరూ ఫోన్లు తీసి పడమటికి తిరిగారు. గైడు మాత్రం తూర్పు వైపు చెయ్యి చూపించాడు. నిజంగా చూడాల్సింది అక్కడే. అక్‌తెపె కొండ అంచున పడమటికి ముఖం పెట్టిన గోడలు ముందు లేత గులాబీగా, తర్వాత దానిమ్మ తొక్క రంగులోకి, చివరి పది నిమిషాల్లో లోపల నిప్పు రాజుకున్నట్టు మారాయి. ఆ మడతల్లో నీడలు ఊదారంగులో కింది నుంచి పైకి పాకుతుంటాయి. ఆకాశం తేటగా ఉంటే గట్టు మీద నుంచి ఇంకా తూర్పున ఎర్జియెస్ శిఖరం కనపడుతుంది, దాని ఎత్తు 3,900 మీటర్లకు పైనే. సూర్యుడు మునిగాక కూడా దాని మంచు మీద వెలుగు కాసేపు నిలిచి ఉంటుంది.

ఇదే వేళకు నాలుగు చక్రాల మోటారు బండ్లు కూడా గుంపులుగా ఆ గట్టుకే వస్తాయి. మోతకన్నా దుమ్ము ఎక్కువ బాధ. అందరూ చేరే చోటుకు గుర్రాలను తీసుకెళ్ళకుండా, లోయ లోపలే ఆపే గైడును వెతుక్కోవడం మంచిది. సెల్ఫీ కర్ర గుర్రం మీద తియ్యకూడదు. ఫొటో కావాలంటే రెండు పగ్గాలూ ఒక చేతిలో పెట్టుకుని, ఫోనుకున్న తాడు మణికట్టుకు తగిలించుకుని తియ్యాలి.

తిరుగు దారి మసక వెలుతురులో. గుర్రాలకు ఇంటి దారి తెలుసు, అడుగు వేగం తానై పెరుగుతుంది. ఇక్కడ దౌడు తీయిద్దామని ఎవరైనా అంటే వద్దనాలి. ఇంటికి పోయే గుర్రం దౌడెత్తితే ఆపడం అలవాటున్నవాడికే కష్టం. టార్చి కూడా వెయ్యకూడదు. చీకట్లో గుర్రం మనకన్నా బాగా చూస్తుంది, కానీ వెలుగు నుంచి చీకటికి దాని కన్ను సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఒక్కసారి ఫోను లైటు ముఖం మీద పడిందంటే కాసేపు గుడ్డిదైనట్టే నడుస్తుంది.

దిగేటప్పుడు రెండు పాదాలూ రికాబుల్లోంచి ముందే తీసేసి, పొట్ట మీద వాలి, ఎడమ పక్కకు జారాలి. అంతసేపు జీను మీద ఉన్నాక మోకాళ్ళు కాసేపు మాట వినవు, గుర్రం మెడ పట్టుకుని నిలబడాలి. వెంటనే వెళ్ళిపోకుండా పట్టీ వదులు చేసి జీను తీసేదాకా ఉండి చూడండి. వీపు మీద చెమట మరక రెండు వైపులా ఒకేలా తడిగా ఉంటే జీను సరిపోయినట్టు. తడి మధ్యలో అరచేతంత పొడి మచ్చలు కనపడితే జీను అక్కడ నొక్కుతోందని, అది యజమానికి చెప్పాలి. మా ఎర్ర గుర్రం వీపు సమంగా తడిసి ఉంది. కళ్ళెం తీయగానే అది నాలుగడుగులు వేసి, మోకాళ్ళు మడిచి, ఆ గులాబీ దుమ్ములో అటూ ఇటూ పొర్లింది.