రాజాజీ, మా నాన్న పాసుపుస్తకం

మాది నకిరేకల్ దగ్గర రెండెకరాల బత్తాయి తోట. పట్టాదారు పాసుపుస్తకాన్ని నాన్న ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచేవాడు. ఎప్పుడు తీసినా ముందు చేతులు తుడుచుకునేవాడు. ఒకప్పుడు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన కాంగ్రెస్ నాయకుడు రాజాజీ (సి. రాజగోపాలాచారి) గురించి చదువుతుంటే ఆ చేతులే గుర్తొచ్చాయి.

1959లో నాగపూర్ కాంగ్రెస్ సభ ఉమ్మడి సహకార సేద్యానికి, అంటే రైతులు భూములు కలిపి ఒకటిగా సాగు చేయడానికి, తీర్మానం చేసింది. అది నచ్చక, 80 ఏళ్ల వయసులో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టారు. మన రైతు నాయకుడు ఎన్.జి. రంగా దానికి తొలి అధ్యక్షుడు. రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలన్నారు, ప్రతిదానికీ సర్కారు అనుమతి అడగాల్సిన లైసెన్సులు, పర్మిట్ల రాజ్యం వద్దన్నారు. 1967లో లోక్‌సభకు 44 మంది గెలిచారు. మద్రాసు బడుల్లో 1938లో హిందీ తప్పనిసరి చేసిన రాజాజీయే, తర్వాత దాన్ని ఏకైక అధికార భాష చేయొద్దని గట్టిగా నిలబడ్డారు. అణు పరీక్షలు ఆపమని అడగడానికి 1962లో అమెరికా వెళ్లి కెనడీని కలిశారు.

నాన్న చేతులు చూసినవాణ్ని కాబట్టి, భూమి విషయంలో నేను రాజాజీ వైపే. కానీ మా తాత దొర పొలంలో వెట్టి చేశాడు. ఆస్తి హక్కంటే ఆ దొర వందల ఎకరాలకు కూడా హక్కేనా? ఆ పార్టీలో మాజీ రాజులు, పెద్ద జమీందార్లు అంతమంది చేరడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.