ఎడారిలో అద్దె మంచు

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ విమానాశ్రయం స్కై హార్బర్‌లో దిగి, పక్క ఊరు టెంపీలో ఐస్ హాకీ చూడటానికి వెళ్లాలంటే కారు అద్దెకి తీసుకోనక్కర్లేదు. టెర్మినల్ నుంచి డ్రైవర్ లేని స్కై ట్రెయిన్ ఉచితంగా తిరుగుతుంటుంది. అది 44వ వీధి స్టేషన్‌లో దించుతుంది. వంతెన దాటి కిందికి దిగితే లైట్ రైల్ ప్లాట్‌ఫామ్ వస్తుంది. మేం వెళ్లినప్పుడు ఒకసారి ఎక్కడానికి 2 డాలర్లు, రోజంతా తిరగడానికి 4 డాలర్లు. టికెట్ ఎక్కేముందే కొనాలి, బండిలో అమ్మరు. కొత్తవాళ్లు పొరబడేది దిశ దగ్గరే. పడమరకి వెళ్లే బండి ఎక్కితే ఫీనిక్స్ డౌన్‌టౌన్‌కి పోతారు. మెసా వైపు, అంటే తూర్పుకి వెళ్లేది ఎక్కి, యూనివర్సిటీ డ్రైవ్ - రూరల్ రోడ్ స్టేషన్‌లో దిగాలి. సుమారు ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి మల్లెట్ అరీనా నడక దూరమే. ఆ చుట్టుపక్కల బ్యాక్‌ప్యాక్‌తో నడుస్తున్న కుర్రాళ్ల నోట తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. అది ఏఎస్‌యూ, అంటే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ. మన ఎమ్మెస్ విద్యార్థుల ఊరది. కాస్త దక్షిణాన చాండ్లర్‌లో ఇంటెల్ ఉద్యోగుల కుటుంబాలున్నాయి.

మేం చూసింది 2023 డిసెంబర్ 4, సోమవారం రాత్రి మ్యాచ్. అరిజోనా కయోటీస్, వాషింగ్టన్ క్యాపిటల్స్. రెండూ ఎన్‌హెచ్‌ఎల్, అంటే అమెరికా, కెనడాల నేషనల్ హాకీ లీగ్ జట్లు. ఇప్పుడు కయోటీస్ అనే జట్టు లేదు. 2024 ఏప్రిల్‌లో ఆటగాళ్లూ కోచ్‌లూ యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయారు. రింకు, అంటే మంచు మైదానం, మాత్రం అక్కడే ఉంది, ఏఎస్‌యూ కాలేజీ జట్టు అందులోనే ఆడుతుంది. కాబట్టి దారి వివరాలు ఇప్పటికీ పనికొస్తాయి.

మల్లెట్ అరీనా 2022 అక్టోబర్‌లో తెరిచారు. కట్టింది యూనివర్సిటీ, కట్టించుకుంది కాలేజీ జట్టు కోసం. ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లకి 4,600 సీట్లు. ఆ లీగ్‌లో మామూలు హాలంటే పదిహేను వేలకి పైమాట, మాంట్రియల్‌లో 21,000 దాకా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద హాకీ లీగ్‌లోని జట్టు ఒక కాలేజీ హాల్లో అద్దెకుంటోందన్నమాట. పైగా ఈ అద్దెదారు తన ఖర్చుతో ఒక గది వేసుకుని మరీ దిగాడు. ఎన్‌హెచ్‌ఎల్ స్థాయి డ్రెస్సింగ్ రూములు ఆ హాల్లో లేవు, కయోటీస్ వాళ్లే పక్కన అనుబంధ భవనం కట్టించారు. అది సమయానికి పూర్తి కాలేదు. 2022 అక్టోబర్ 28న తొలి మ్యాచ్‌కి వచ్చిన విన్నిపెగ్ జట్టుకీ, ఆ వారంలో వచ్చిన మిగతావాళ్లకీ తాత్కాలిక గదులే దిక్కయ్యాయి. పని పూర్తవడానికి వీలుగా కయోటీస్ వరసగా 14 మ్యాచ్‌లు బయటి ఊళ్లలో ఆడారు.

ఇక సీటు సంగతి. రింకు చుట్టూ ఉన్న గ్లాసుకి ఆనుకున్న మొదటి వరస టికెట్ ఫోటోలకి బాగుంటుంది, ఆట చూడటానికి బాగోదు. మీవైపు బోర్డుల (రింకు చుట్టుగోడ) దగ్గర పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ల, ఎక్కడుందో కనపడదు, అవతలి మూల ఏం జరుగుతోందో లోతు అందదు. ఎనిమిదో వరస నుంచి పన్నెండో వరస మధ్యలో, మంచు మీద అడ్డంగా గీసిన నీలి గీతకి ఎదురుగా కూర్చుంటే, ఆడుతున్న అయిదుగురి వరసా ఒకేసారి కళ్లకి కడుతుంది. మల్లెట్‌లో చివరి వరస కూడా దగ్గరే. పెద్ద హాల్లో పై అంతస్తు నుంచి వినపడని చప్పుళ్లు ఇక్కడ వినపడతాయి. స్కేట్ బ్లేడు మంచుని గీరిన శబ్దం, గోలీ (గోల్‌కీపర్) రక్షకులకి అరిచి చెప్పే మాట, గ్లాసుకి మనిషి తగిలినప్పుడు అది వణికే తీరు. స్వెట్టర్ తప్పనిసరి. లోపల 15, 16 డిగ్రీలు ఉంటుంది, మూడు గంటలు కదలకుండా కూర్చుంటాం కదా.

ఎడారిలో మంచేమిటని అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో సగమే నిజం. ఫీనిక్స్ ఎండ రెంటచింతల ఎండకి అన్న అవుతుంది గానీ పొడి ఎండ. మంచుకి అసలు శత్రువు తేమ. చల్లటి ఉపరితలం మీద తేమ పేరుకుంటే పొగమంచు లేస్తుంది, మంచు పైపొర మెత్తబడుతుంది. విశాఖ ఉక్కపోతలో రింకు నడపడం ఫీనిక్స్‌లో నడపడం కన్నా కష్టం.

రింకు కొలత 200 అడుగులు ఇంటూ 85. మంచు మందం అంగుళం, మహా అయితే అంగుళంపావు. అంగుళానికి లెక్కేస్తే సుమారు 40,000 లీటర్ల నీళ్లు. ఈ నీళ్లన్నీ ఒకేసారి కుమ్మరించరు. అడుగున కాంక్రీటు పలక, అందులో దగ్గర దగ్గరగా గొట్టాలు, గొట్టాల్లో సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టని ఉప్పు ద్రావణమో గ్లైకాలో తిరుగుతూ ఉంటుంది. పలక చల్లబడ్డాక నీళ్లు పలచగా పిచికారీ చేస్తారు, అది గడ్డకట్టాకే మరో పొర. కాస్త మందం రాగానే తెల్ల రంగు కొడతారు, లేకపోతే కాంక్రీటు బూడిద రంగులో కనపడి నల్లటి పక్ కంటికి ఆనదు. గీతలూ బొమ్మలూ ఆ తెలుపు మీద వేసి, పైన మళ్లీ పొరలు పోస్తారు. తొందరపడి మందంగా పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది, అలాంటి మంచు స్కేటు కింద పెచ్చులూడుతుంది. ఈ పలక కింద ఇంకో విచిత్రం ఉంటుంది. ఉష్ణనిరోధక పొరకి అడుగున నేలని కాస్త వెచ్చగా ఉంచే గొట్టాలు వేస్తారు. అవి లేకపోతే ఏళ్ల తరబడి చలి కిందికి దిగి, మట్టిలో తేమ గడ్డకట్టి ఉబ్బి, పలకనే ఎత్తి పగలగొడుతుంది.

ఫీనిక్స్ ప్రాంతంలో నీళ్లు కఠినజలం. బాత్రూము కుళాయిల మీద తెల్ల మచ్చ కట్టే రకం. లవణాలున్న నీళ్లు సరిగ్గా గడ్డకట్టవు, మంచు మసగ్గానూ మెత్తగానూ తయారవుతుంది. శుద్ధి చేసిన నీళ్లయితే గట్టిగా వస్తుంది. మరీ శుద్ధి చేసినా చిక్కే, మంచు పెళుసెక్కుతుంది. ఉపరితలం మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంటే ఆటకి బాగుంటుంది. అంతకన్నా చల్లబడితే పెచ్చులు లేస్తాయి, వేడెక్కితే పక్ నిదానిస్తుంది. లోడింగ్ తలుపు కాసేపు తెరిచి వదిలేశారంటే ఆ వైపు మూల ముందు దెబ్బతింటుంది.

20 నిమిషాల పీరియడ్లు మూడు. మధ్యలో 18 నిమిషాల విరామం. విరామంలో జనమంతా తిండి వరసలో నిలబడతారు, మేమైతే కూర్చునే ఉన్నాం, మంచుని చదును చేసే బండ్లు జాంబోనీలు చూడటానికి. రెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కింద ఉన్న బ్లేడు పైపొరని కాగితం మందాన చెక్కుతుంది, మర చెక్కుడు పొట్టుని ఎత్తి తొట్టిలో పోస్తుంది, నీళ్లతో గీతల్లోని మురికి కడుగుతుంది, చివర్లో తడిగుడ్డ లాంటి వెడల్పాటి బట్ట వేడినీళ్లు పరుస్తూ పోతుంది. ఈ నీళ్లు 60, 70 డిగ్రీల వేడి ఉంటాయి. వేడినీళ్లలో గాలి తక్కువ, పైగా అవి పాత మంచు అంచుని కాస్త కరిగించి దానితో ఒకటైపోతాయి. చన్నీళ్లు పోస్తే విడి పొరలా కూర్చుని తర్వాత ఊడిపోతుంది. బండి వెళ్లిన దారి అద్దంలా మెరిసి, మూడు నాలుగు నిమిషాల్లో ఆ మెరుపు మసకబారుతుంది. మసకబారిందంటే గడ్డకట్టిందని లెక్క. ఆడే పక్‌లని కూడా ముందే ఫ్రీజర్లో పెడతారు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల అది. గది వేడిలో ఉంటే బంతిలా ఎగురుతుంది.

కొత్తగా చూసేవాళ్లకి ఒక్క కిటుకు చెబుతాను. పక్ వెంట కళ్లు పరిగెత్తించొద్దు, నీలి గీతని చూడండి. పక్ గీత దాటాకే దాడి చేసేవాడు దాటాలి. అతను ముందు దాటితే ఆఫ్‌సైడ్, విజిల్. గోలీ తప్ప మామూలుగా ఎవరూ మైదానంలో నిమిషం పైన ఉండరు, నలభై యాభై సెకన్లు ఆడి ఆట నడుస్తుండగానే బెంచీ మీదికి దూకుతారు. మరో అయిదుగురు దిగుతారు. కుర్ర జట్టు తప్పులు చేసేది ఈ మార్పిడి దగ్గరే. ఆశపడి ఇంకో పది సెకన్లు ఉండిపోతారు, కాళ్లు బరువెక్కుతాయి, అవతలివాళ్లు పక్ లాక్కుని వస్తే వెనక్కి పరిగెత్తలేరు.

ఆ రాత్రి కయోటీస్ ఆ తప్పు చేయలేదు. 6-0. అప్పటికి గత ఆరు స్టాన్లీ కప్‌లు (లీగ్ విజేతలకిచ్చే కప్పు) పంచుకున్న అయిదు జట్లు వేగస్, టాంపా బే, కొలరాడో, సెయింట్ లూయీస్, వాషింగ్టన్‌లని వరస మ్యాచ్‌ల్లో ఓడించారు. వాషింగ్టన్ అయిదోది.

ఇది గాలివాటు గెలుపు కాదు, అయిదు వేళ్లూ లోపలికి పోయే భోజనమూ కాదు. 2021-22లో ఈ జట్టు 82 మ్యాచ్‌ల్లో తెచ్చుకున్నది 57 పాయింట్లు. తర్వాతి ఏడు 70, ఆ తర్వాత 77. మేనేజర్ బిల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చేసింది చెప్పుకోవడానికి సులువు, భరించడానికి కష్టం. ఎన్‌హెచ్‌ఎల్‌లో జీతాలకి పై హద్దే కాదు, కింది హద్దు కూడా ఉంది. అంతకన్నా తక్కువ ఖర్చు పెట్టకూడదు. వేరే జట్లు మోయలేని పాత జీతాల ఒప్పందాలు వీళ్లు నెత్తిన పెట్టుకుని, మోసినందుకు కూలిగా డ్రాఫ్ట్ అవకాశాలు, అంటే కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే హక్కులు, పుచ్చుకున్నారు. పాత మేనేజర్ హయాంలో డ్రాఫ్ట్‌కి రాబోయే కుర్రాళ్లని నిబంధనలకి విరుద్ధంగా పరీక్షించినందుకు లీగ్ 2021 మొదటి రౌండ్ అవకాశం లాగేసుకుంది. వాంకూవర్‌తో మార్పిడిలో వచ్చిన తొమ్మిదో స్థానంతోనే డిలన్ గుంథర్‌ని పట్టుకున్నారు. 2022లో మూడో స్థానంలో లోగన్ కూలీ దొరికాడు. గోలీ కానర్ ఇంగ్రమ్‌ని నాష్‌విల్ వదిలేస్తే వేవర్స్‌లో (జట్లు వదులుకున్నవాళ్ల జాబితా) తెచ్చుకున్నారు. అతనికే 2024లో పట్టుదలకి ఇచ్చే బిల్ మాస్టర్టన్ ట్రోఫీ వచ్చింది. నా లెక్కలో అన్నిటికన్నా మంచి బేరం అదే.

అదే ఏడు జనవరి చివర్లో మొదలుపెట్టి 14 మ్యాచ్‌లు వరసగా ఓడారు. మార్చిలో ఇంకొందరు పెద్దవాళ్లని అమ్మేశారు. మార్చి 26న జాష్ డోన్ మొదటి మ్యాచ్ ఆడి రెండు గోల్స్ కొట్టాడు. అదే రింకులో ఏఎస్‌యూ తరఫున ఆడినవాడు, కయోటీస్‌కి ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్న షేన్ డోన్ కొడుకు. మంచు మీద జరగాల్సినదంతా జరుగుతూనే ఉంది.

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్లు. ఈ జట్టు 28 ఏళ్లు ఆ ఒక్క పనే చేయలేకపోయింది. మర్నాడు పాత చిరునామాలు చూద్దామని బయల్దేరాం. మొదటిది డౌన్‌టౌన్, లైట్ రైల్లోనే వెళ్లొచ్చు. 1996లో విన్నిపెగ్ నుంచి వచ్చి దిగింది సన్స్ బాస్కెట్‌బాల్ హాల్లో. బాస్కెట్‌బాల్ కోర్టు 94 అడుగులే. దానికి సరిపడా మలిచిన వరసల మధ్య 200 అడుగుల రింకు ఇరికిస్తే ఒక చివర వేల సీట్లకి గోల్ కనపడలేదు. 2003 డిసెంబర్‌లో పడమటి శివారు గ్లెండేల్ వెళ్లారు. అక్కడికి రైలు లేదు, ఇక కారు తీయక తప్పదు. హాలు బ్రహ్మాండం, 17,000 పైన సీట్లు. కానీ టికెట్లు కొనే జనం ఎక్కువమంది స్కాట్స్‌డేల్, టెంపీ, చాండ్లర్ వైపు ఉన్నారు. సాయంత్రం అయిదున్నరకి చాండ్లర్ నుంచి గ్లెండేల్‌కి ఒకసారి నడిపి చూడండి, మిగతాది నేను చెప్పక్కర్లేదు. 2009లో దివాలా. లీగే కొని 2013 దాకా నడిపింది. ఆ అనాథ రోజుల్లోనే 2012లో కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ సెమీఫైనల్ లాంటిది) దాకా వెళ్లడం ఒక వింత. 2021 ఆగస్టులో గ్లెండేల్ నగరం ఆ సీజన్ తర్వాత అద్దె ఒప్పందం పొడిగించేది లేదని చెప్పేసింది. అందుకే మల్లెట్.

చివరి చిరునామాలో చూడటానికేమీ లేదు. టెంపీలో ప్రీస్ట్ డ్రైవ్, రియో సలాడో పార్క్‌వే కలిసే మూల, 46 ఎకరాలు, ఒకప్పటి చెత్త డంపు. అక్కడ 2.1 బిలియన్ డాలర్లతో హాలూ, ఇళ్లూ, హోటళ్లూ కడతామన్నారు. పక్కనే రన్‌వేల దారి కాబట్టి విమానాల చప్పుడు కింద ఇళ్లేమిటని ఫీనిక్స్ నగరం కోర్టుకెళ్లింది. 2023 మే 16న టెంపీ ఓటర్లు మూడు ప్రతిపాదనలూ తోసిపుచ్చారు. తర్వాత ఉత్తర ఫీనిక్స్‌లో ప్రభుత్వ భూమి వేలం అన్నారు, కనీస ధర 68.5 మిలియన్ డాలర్లు. 2024 జూన్ 27న జరగాల్సిన ఆ వేలం కొద్ది రోజుల ముందు రద్దయింది. అప్పటికే జట్టు వెళ్లిపోయి రెండు నెలలు.

యూటాలో మొదటి ఏడు ఆ కుర్రాళ్లే 89 పాయింట్లు తెచ్చారు. అక్కడ దిగిన డెల్టా సెంటర్ కూడా బాస్కెట్‌బాల్ కోసం కట్టినదే. ఒక గోల్ సరిగ్గా కనపడని సీట్లు ఆ మొదటి ఏడు అక్కడా వేలల్లో ఉండేవి. టికెట్ కొనేముందు సీటు పటంలో ఆ మాట రాసి ఉందేమో చూసుకోండి.

ఫీనిక్స్ నుంచి తిరుగు విమానంలో కుడివైపు కిటికీ అడగండి. తూర్పుకి ఎగిరే రోజైతే చక్రాలు లోపలికి ముడుచుకునేలోపే నదికి దక్షిణపు ఒడ్డున టెంపీలోని ఆ డంపు స్థలం కనపడుతుంది. మరి కాసేపటికి యూనివర్సిటీ స్టేడియం పక్కన మల్లెట్ పైకప్పు. రెంటికీ మధ్య దూరం రెప్పపాటే, వెతకాలంటే ముందే తల తిప్పి ఉండాలి.